వ్యానులోని జనరేటర్: అది ఎందుకు ఆగుతుంది, ఆగకుండా ఎలా చూసుకోవాలి



కిందటి ఏడాది సంచిక వెలువడిన కొద్ది రోజులకు ఒక పెద్దమనిషి మా బడికే వచ్చారు. మన సొసైటీకి మొదటి నుంచి చేయూత ఇస్తున్నవారు. "సార్, వ్యానులో జనరేటర్ శిబిరం మధ్యలో ఆగిపోయిందట గదా. దాన్ని పాత సామాను అంగట్లో పడేయండి. కొత్తది నేను కొనిస్తాను" అన్నారు. ఆ మాటకు మాకు ఎంత సంతోషం కలిగిందో అంత సిగ్గూ కలిగింది. ఎందుకంటే ఆ జనరేటర్ చెడిపోలేదు. మేమే దాన్ని సరిగా చూసుకోలేదు. ఆ రోజు ఆయనకు ఇచ్చిన జవాబునే కాస్త విడమరచి ఇక్కడ రాస్తున్నాం. మేము బడిపంతుళ్ళం, మెకానిక్కులం కాదు. అయినా ఒక ఏడాది పాటు మెకానిక్ పక్కన కూర్చుని నేర్చుకున్నది, జనరేటర్‌తో వచ్చిన పుస్తకంలో చదివింది పదిమందికీ పనికొస్తుందని మా నమ్మకం. ఇళ్ళలో, షాదీఖానాల్లో, అంగళ్ళలో జనరేటర్ ఉన్నవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

ఆ సాయంత్రం ఏం జరిగింది

మన వ్యాను సంగతి చాలామందికి తెలుసు. వెనుక భాగంలో ఒక మంచం, మందుల కోసం చిన్న ఫ్రిజ్, లైట్లు, రెండు ఫ్యాన్లు, ఆయాసం ఉన్నవారికి మందును ఆవిరిగా పట్టే నెబ్యులైజర్ ఉంటాయి. వీటన్నిటికీ కరెంటు ఇచ్చేది తోక భాగంలో ఇనుప అరలో బిగించిన మూడు కేవీఏ పెట్రోల్ జనరేటర్. సినిమావాళ్ళ క్యారవాన్లలో, అమెరికాలో సెలవులకు వెళ్ళే కుటుంబాలు అద్దెకు తీసుకునే చక్రాల ఇళ్ళలో ఉండేదీ ఈ ఏర్పాటే. వాళ్ళకు ఏసీ ఆగుతుంది, మనకు రోగికి పెట్టిన మందు ఆగుతుంది. తేడా అంతే.

గుర్రంకొండ దాటాక కొండల కింద ఉన్న ఒక పల్లెలో శిబిరం పెట్టాం. వీధి ఇరుకు, నేల వాలు. వ్యానును ఒక పక్కకు ఒరిగినట్టుగానే నిలిపాం. పొద్దు గూకే వేళకు ఒక ముసలమ్మకు ఆయాసం ఎక్కువై నెబ్యులైజర్ పెట్టారు. మూడు నాలుగు నిమిషాలు గడిచిందో లేదో జనరేటర్ ఒక్కసారి ఆగిపోయింది. లైట్లు పోయాయి. మా కుర్రవాళ్ళు తాడు లాగారు, మళ్ళీ లాగారు. ఒకసారి అంటుకుని వెంటనే ఆరిపోయింది. ఆ తల్లి మా చేయి పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడుతుంటే మాకు కాళ్ళు చేతులు ఆడలేదు. చివరికి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అల్లా దయ వల్ల ఆమె కోలుకుని మూడో రోజు ఇంటికి వచ్చింది.

మరుసటి రోజు మెకానిక్ ఆయిల్ గేజీ బయటికి తీసి చూపించాడు. "సార్, ఇంజనుకే రోగమూ లేదు. ఆయిల్ తగ్గింది. బండి వాలులో ఉంది కాబట్టి ఉన్న ఆయిల్ కూడా ఒక పక్కకు పోయింది. ఆయిల్ లేకుండా నడిస్తే ఇంజను పట్టేస్తుందని ఇందులో ఒక స్విచ్ పెట్టి ఉంటారు. అదే ఆపేసింది" అన్నాడు. ఆయిల్ పోసి చదునైన నేల మీద తాడు లాగితే రెండో లాగుకే అంటుకుంది. ఆ ఆయిల్‌కు అయిన ఖర్చు ఐదు వందలు కూడా దాటలేదు.

ఆయిల్ ఎవరు చూడాలి అని కమిటీలో అడిగితే డ్రైవర్ చూస్తాడని మేము అనుకున్నాం. కుర్రవాళ్ళు చూస్తారని డ్రైవర్ అనుకున్నాడు. మెకానిక్ చూసి ఉంటాడని కుర్రవాళ్ళు అనుకున్నారు. అందరి పని అనుకున్నది ఎవరి పనీ కాకుండా పోయింది. అసలు లోపం అక్కడుంది.

లోపల జరిగేది

బడిలో ఎనిమిదో తరగతి, పదో తరగతి పిల్లలకు చెప్పే పాఠమే ఇది. తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టాడు. జనరేటర్‌లో ఆ కదలికను ఇంజను ఇస్తుంది. కాబట్టి జనరేటర్ అంటే రెండు యంత్రాలు. ఒకటి స్కూటర్ ఇంజను లాంటి ఇంజను. రెండోది దాని ఇరుసుకు తగిలించిన, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్.

తప్పు వెతికేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఇంజను నడుస్తోందా? నడవకపోతే తప్పు ఇంజను వైపు ఉంది. ఇంజను చక్కగా నడుస్తూ లైట్లు వెలగకపోతే తప్పు కరెంటు వైపు ఉంది. ఈ ఒక్క ప్రశ్నతో సగం వెతుకులాట తప్పుతుంది.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. మన వ్యానులో ఉన్నలాంటి చిన్న జనరేటర్ ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితేనే ఆ 50 వస్తుంది. ఇంజను నీరసంగా తిరిగితే లైట్లు మందగించడమే కాదు, ఫ్రిజ్ మోటారు వేడెక్కి కాలిపోతుంది కూడా. అందుకే 'ఎలాగో నడుస్తోంది కదా' అని ఊరుకోకూడదు.

అంటుకోకపోతే చూడాల్సిన వరుస

మా కుర్రవాళ్ళకు నాలుగు మాటలు కంఠస్థం చేయించాం: ఆయిల్, పెట్రోల్, గాలి, నిప్పు. ఈ వరుసలోనే చూడాలి. ఖర్చు లేనివి, చేతితో చూడగలిగేవి ముందు వస్తాయి.

మొదటిది ఆయిల్. బండిని చదునుగా నిలపాలి. చదును దొరకకపోతే చక్రాల కింద చెక్కలు పెట్టి సరిచేయాలి. ఇంజను ఆపి కొద్దిసేపు ఆగి, గేజీని గుడ్డతో తుడిచి, పెట్టి, మళ్ళీ తీసి చూడాలి. పై గీత దాకా ఆయిల్ ఉండాలి. గీత దాటి పోయడం కూడా తప్పే. ఎక్కువైన ఆయిల్ పొగ తెప్పిస్తుంది, గాలి ఫిల్టర్‌లోకి చేరుతుంది.

రెండోది పెట్రోల్. ట్యాంకులో ఉందా, కాక్ తెరిచి ఉందా? ఇవి చూడకుండానే తాడు లాగి చేతులు నొప్పి పెట్టించుకున్నవాళ్ళను మేము చూశాం. తర్వాత పెట్రోల్ వయసు చూడాలి. నెలల తరబడి ట్యాంకులో నిలిచిన పెట్రోల్ పుల్లటి, ఘాటైన వాసన వేస్తుంది. అందులోని తేలికైన భాగం ఆవిరైపోయి, కార్బొరేటర్‌లోని సన్నని రంధ్రాల్లో జిగురు పేరుకుంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్ళు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. ఇంజనుకు ముందు అందేది ఆ అడుగు నీరే. పాత కాలపు జనరేటర్లలోని రబ్బరు గొట్టాలకు కూడా ఇథనాల్ పడదు. అందుకే రెండు నెలలకు మించి పెట్రోల్ నిల్వ ఉంచకూడదని నియమం పెట్టుకున్నాం. మిగిలితే వ్యవధి లోపలే తీసి ఏదో ఒక వాహనంలో వాడేస్తాం.

మూడోది గాలి. మన పల్లె దారుల ఎర్రమట్టి ఎలాంటిదో టమోటా బండ్ల వెనుక ప్రయాణం చేసిన ఎవరికైనా తెలుసు. ఆ దుమ్మంతా జనరేటర్ గాలి ఫిల్టర్‌లో చేరుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజనుకు ఊపిరాడదు, నల్లటి పొగ వదులుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. స్పాంజి ఫిల్టరయితే సబ్బు నీళ్ళలో కడిగి, బాగా ఆరబెట్టి, కొద్దిగా ఇంజన్ ఆయిల్ తడిపి, పిండి పెట్టాలి. కాగితం ఫిల్టరయితే కడగకూడదు, మెల్లగా తట్టి దుమ్ము దులపాలి, పాడైతే మార్చాలి. చోక్ కూడా గాలికి సంబంధించిందే. చల్లగా ఉన్న ఇంజనుకు చోక్ మూయాలి, అంటుకున్నాక మెల్లగా తెరవాలి. వేడి ఇంజనుకు చోక్ వేసి పదే పదే లాగితే పెట్రోల్ ఎక్కువై ప్లగ్గు తడిసిపోతుంది.

నాలుగోది నిప్పు, అంటే స్పార్క్ ప్లగ్గు. దాన్ని విప్పితే ఇంజను ఆరోగ్యం కనిపిస్తుంది. కొస లేత గోధుమ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి నల్లమసి పట్టి ఉంటే గాలి తక్కువైనట్టు. పెట్రోల్‌తో తడిసి ఉంటే ఇంధనం ఎక్కువైనట్టు. తుడిచి, ఆరబెట్టి, పది నిమిషాల తర్వాత లాగాలి. ఆయిల్ జిడ్డుగా ఉంటే ఇంజను లోపల అరుగుదల మొదలైనట్టు. అది మెకానిక్ పని. ఇలాంటి ఇంజన్లలో ప్లగ్గు కొసల మధ్య ఎడం సాధారణంగా 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక కొత్త ప్లగ్గు, దాని పానా ఎప్పుడూ వ్యానులోనే ఉంచుకోవాలి.

బటన్‌తో స్టార్ట్ అయ్యే రకమైతే ఐదో సంగతి బ్యాటరీ. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే దాదాపు సగం ఖాళీ అయినట్టు. కొనల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న బూజును తీగలు విప్పాక వేడినీళ్ళు, వంటసోడాతో కడిగి, ఆరాక వాజలైన్ రాయాలి.

అంటుకుని ఆగిపోతే, నడుస్తూ కరెంటు రాకపోతే

కాసేపు నడిచి ఆగడం, కాసేపు ఆగాక మళ్ళీ అంటుకోవడం ఒక సామాన్యమైన ఫిర్యాదు. అప్పుడు ముందు ట్యాంకు మూతను చూడండి. మూతలో గాలి పోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుంటే ట్యాంకులోకి గాలి చొరబడదు, పెట్రోల్ కిందికి దిగదు. మూత ఒకసారి విప్పి బిగిస్తే నడిచిందంటే దోషం అదే. దాని తర్వాత పెట్రోల్ ఫిల్టర్‌ను చూడాలి. ఇంజను ఒకసారి హెచ్చుగా, ఒకసారి తగ్గుగా ఊగుతూ నడిస్తే కార్బొరేటర్‌లో జిగురు పట్టిందని అనుమానించాలి.

వ్యానులోని అరకు ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. అది ఇరుకు. వేడి గాలి బయటికి పోయే జాలీ ముందు ఎవరో సంచులో, దుప్పట్లో పెడితే ఇంజను ఉడికిపోయి ఆగుతుంది. ఒకసారి మా అరలో ఎలుక గూడు దొరికింది. గడ్డి, చింకి గుడ్డలు ఇంజను చుట్టూ పేర్చి, ఒక తీగను కొరికి పెట్టింది. నిప్పు అంటుకోకుండా బయటపడడం మా అదృష్టం. అప్పటి నుంచి బండి తీసే ముందు అర తలుపు తెరిచి టార్చితో చూస్తున్నాం.

పొగ రంగు కూడా మాట్లాడుతుంది. నల్లపొగ అంటే గాలి తక్కువ లేదా లోడు ఎక్కువ. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. స్టార్ట్ చేయగానే కొద్దిగా తెల్లపొగ వచ్చి పోతే భయం లేదు. ఆగకుండా వస్తుంటే పెట్రోల్‌లో నీళ్ళు చేరాయేమో చూడాలి.

ఇంజను చక్కగా నడుస్తూ కరెంటు లేకపోతే మొదట ఎంసీబీ పడిందేమో చూడాలి. పడితే లోడంతా తీసేసి ఎత్తాలి, తర్వాత ఒక్కొక్కటే తగిలించాలి. ఏది తగిలించగానే మళ్ళీ పడుతుందో దోషం దానిలోనే ఉంది. ఎంసీబీ సరిగానే ఉండి, మీటర్‌లో రెండు మూడు వోల్టులే కనిపిస్తే బ్రష్షులు అరిగి ఉండవచ్చు, వోల్టేజీని అదుపులో ఉంచే ఏవీఆర్ పోయి ఉండవచ్చు, లేదా చాలా నెలలు వాడకపోవడం వల్ల లోపలి ఇనుములో మిగిలి ఉండాల్సిన కాస్త అయస్కాంత శక్తి కూడా పోయి ఉండవచ్చు. ఆ చివరి దోషాన్ని మెకానిక్ 12 వోల్టుల బ్యాటరీతో క్షణంలో సరిచేస్తాడు. ఈ మూడూ ఆరితేరినవాళ్ళు చేయాల్సిన పనులు. మన కుర్రవాళ్ళు మూతలు విప్పకూడదు.

లోడు లెక్క

మూడు కేవీఏ అని రాసి ఉంటే మూడు వేల వాట్లూ వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. సాధారణంగా దాన్ని 0.8తో గుణించాలి. అంటే 2,400 వాట్లు. ఇక మన నేల ఎత్తు సంగతి. మదనపల్లె, వాల్మీకిపురం ప్రాంతం సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచనై, ప్రతి వెయ్యి అడుగులకు ఇంజను బలం సుమారు మూడున్నర శాతం తగ్గుతుంది. మన దగ్గర ఏడు శాతం పోయిందనుకుంటే మిగిలేది 2,230 వాట్లు. హార్సిలీ కొండల మీద, అంటే నాలుగు వేల అడుగుల పైన, మరో ఏడు శాతం పోతుంది. అందులోనూ గంటల తరబడి నడపాలంటే ముప్పాతిక వంతుకు మించకూడదు. కాబట్టి మన వ్యానుకు మేము గీసుకున్న గీత 1,600 వాట్లు.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. ఆరు ఎల్ఈడీ దీపాలకు 60, రెండు ఫ్యాన్లకు 150, నెబ్యులైజర్‌కు 150, ఫ్రిజ్‌కు 150. మొత్తం 510 వాట్లు. ఫ్రిజ్ మోటారు మొదలయ్యే క్షణంలో మాత్రం నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. దానికీ చోటుంది. కానీ ఒక శిబిరంలో చాయ్ కోసమని ఎవరో 1,500 వాట్ల కరెంటు కెటిల్ తగిలించారు. అదే సమయంలో ఫ్రిజ్ మోటారు లేచింది, ఎంసీబీ పడింది. ఆ రోజు తప్పు జనరేటర్‌ది కాదు, చాయ్‌ది. ఇప్పుడు వ్యానులో ఫ్లాస్కు ఉంది.

వేయడానికి, ఆపడానికి కూడా ఒక పద్ధతి ఉంది. లోడు లేకుండా స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వాలి. తర్వాత ముందు ఫ్రిజ్, ఆ తర్వాత చిన్నవి తగిలించాలి. ఆపేటప్పుడు లోడంతా తీసి, మూడు నిమిషాలు ఊరికే నడిపి ఆపాలి, కాక్ మూయాలి.

ప్రాణం తీసే పొగ

ఇక్కడ రాసిన వాటిలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన ఒక క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తర్వాత నిపుణుల పరిశీలనలో తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దాన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, మత్తు దాని గుర్తులు. రోజంతా శిబిరంలో అలసిన మనిషి అవి అలసట వల్లే అనుకుని పడుకుంటాడు. అక్కడే ప్రమాదం.

మేము పెట్టుకున్న నియమాలు ఇవి. పొగగొట్టం కొస వ్యాను శరీరం దాటి బయటికి ఉండాలి. అటువైపు కిటికీలు మూసి ఉండాలి. గోడకు ఆనుకుని, మూసిన షెడ్డులో, వరండాలో జనరేటర్ నడపకూడదు. జనరేటర్ నడుస్తుండగా వ్యానులో ఎవరూ నిద్రపోకూడదు, అది డ్రైవరయినా సరే. అరకూ లోపలి గదికీ మధ్య రేకులో ఒక్క రంధ్రం కూడా లేకుండా ఏడాదికి రెండుసార్లు చూడాలి. గది లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించి, నెలకొకసారి దాని బటన్ నొక్కి పరీక్షించాలి. ఎవరికైనా తల తిరిగితే ముందు మనిషిని బయటి గాలిలోకి తేవాలి, జనరేటర్ ఆపాలి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మరో రెండు జాగ్రత్తలు. నడుస్తున్న లేదా వేడిగా ఉన్న జనరేటర్‌లో పెట్రోల్ పోయకూడదు. ఆపి పది నిమిషాలు చల్లారనివ్వాలి. అలాగే కరెంటు పోయినప్పుడు జనరేటర్ తీగను ఇంటి ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ కరెంటు మీటర్ దాటి స్తంభాల తీగల్లోకి పోతుంది. లైను చచ్చిందని నమ్మి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మన చేతుల్లో ఉంటుంది. చేంజోవర్ స్విచ్ లేకుండా ఇళ్ళకు, మసీదులకు, షాదీఖానాలకు జనరేటర్ కలపకండి.

నెలవారీ పని

ఇలాంటి చిన్న ఇంజన్లకు తయారీదారులు చెప్పే లెక్క దాదాపు ఒకేలా ఉంటుంది. కొత్తదానికి మొదటి ఆయిల్ మార్పు 20 గంటలకు, ఆ తర్వాత 100 గంటలకు లేదా ఆరు నెలలకు, ఏది ముందయితే అది. గాలి ఫిల్టర్ శుభ్రం 50 గంటలకొకసారి. మన దుమ్ములో మేము 25 గంటలకే చేస్తున్నాం. ప్లగ్గు 100 గంటలకు చూడాలి. వాల్వుల ఎడం 300 గంటలకు మెకానిక్ సరిచూడాలి. ఆయిల్ రకం పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయాలి.

వాడకుండా ఉంచడం వాడటం కంటే చెరుపు చేస్తుంది. చక్రాల ఇళ్ళ జనరేటర్లు చేసే పెద్ద కంపెనీలు వాటిని నెలకొకసారి సగం లోడు మీద రెండు గంటలు నడపమంటాయి. అలా నడిపితే తీగచుట్టల్లో చేరిన తేమ ఆరుతుంది, కార్బొరేటర్‌లోకి కొత్త పెట్రోల్ వస్తుంది, బ్రష్షుల తుప్పు పోతుంది. శిబిరం లేని నెలలో కూడా మేము ఇది తప్పకుండా చేస్తున్నాం. రంజాన్ నెలలో మాత్రం ఇఫ్తార్ దీపాల కోసం అది ఎలాగూ నడుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఖర్చు లేనిది. వంద పేజీల నోటుపుస్తకం ఒకటి అర తలుపుకు దారంతో కట్టాం. తేదీ, ఎన్ని గంటలు నడిచింది, ఆయిల్ ఎంత ఉంది, ఏం చేశాం, ఎవరు చూశారు అని ఐదు గడులు. సంతకం లేకుండా బండి కదలకూడదు. బాధ్యత ఇప్పుడు ఒక్క మనిషిది; ఆయన ఊళ్ళో లేకపోతే రెండో మనిషిది. ఈ పద్ధతి మొదలుపెట్టాక జరిగిన ఏ శిబిరంలోనూ జనరేటర్ ఆగలేదు.

ఒక విన్నపం

మీరిచ్చిన ప్రతి వస్తువూ మా దగ్గర అమానత్. కొన్న రోజున ఫొటో తీసి, రిబ్బను కత్తిరించి, మీ పేరు చదవడంతో ఆ అమానత్ తీరిపోదని ఆ పల్లెలో మాకు అర్థమైంది. యంత్రం పని చేసినంత కాలమే దానం సాగుతున్నట్టు లెక్క. సదఖ-ఎ-జారియా అని మనం చెప్పుకునేది యంత్రాల విషయంలో ఆయిల్ మీద, ఫిల్టర్ మీద కూడా ఆధారపడి ఉంటుంది.

కొత్త జనరేటర్ కొనిస్తానన్న పెద్దమనిషికి మేము చెప్పింది ఇదే. "భాయ్, కొత్తది వద్దు. పాతదాని ఏడాది ఖర్చు మీరు పెట్టుకోండి" అన్నాం. ఆయన ఒప్పుకున్నారు. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, అలారం, మెకానిక్ కూలీ అన్నీ కలిపినా కొత్త జనరేటర్ ధరలో చిన్న భాగం కూడా కాలేదు. మిగిలిన సొమ్ముతో నెబ్యులైజర్ మందులు కొన్నాం. మందుల ఫ్రిజ్‌కూ, కుట్టు మిషన్లకూ, మన దగ్గరున్న ఇతర పరికరాలకూ ఇలాగే ఒక్కొక్క దాత ఏడాది నిర్వహణ తీసుకుంటే బాగుంటుందని కమిటీ అభిప్రాయం. రాతిపలక మీద పేరు ఉండదు. నోటుపుస్తకం మొదటి పేజీలో ఉంటుంది.

ప్రతి నెలా మొదటి జుమా నమాజు తర్వాత వ్యానును బయటికి తీసి జనరేటర్‌ను రెండు గంటలు నడుపుతాం. వీలైన దాతలు వచ్చి చూడండి. గేజీ మీరే తీసి చూసి, నోటుపుస్తకంలో మీరే సంతకం చేయండి.